ఎత్తుబ్రిడ్జి మీద న్యూట్రల్

మా మావయ్యకి ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి చెవైనా పక్కన నిలబడి గట్టిగా పిలిస్తేనే. అలాంటి మనిషి విజయనగరంలో ఇరవయ్యేళ్ల పైచిలుకు ఆటో తోలాడు. నాకు గేర్లు మార్చడం నేర్పింది ఆయనే.

అది 1994 వేసవి. డిగ్రీ రెండో ఏడులో నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. మార్కుల లిస్టు చూసిన రోజు నుంచి నాన్న నాతో నేరుగా మాట్లాడ్డం మానేశాడు. ఏం చెప్పాలన్నా "మీవాడికి చెప్పు" అని అమ్మతో అనేవాడు. వారం రోజులు చూసి అమ్మే నన్ను బొబ్బిలిలో పాసింజరు ఎక్కించింది. "సెప్టెంబరు పరీక్షల దాకా మావయ్య దగ్గరుండి చదువుకో" అంది. పుస్తకాల సంచీ పట్టుకునే వెళ్లాను. దాసన్నపేటలో మావయ్య ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టిన ఆ సంచీ, పెట్టిన చోటు నుంచి కదిలిన గుర్తు లేదు.

మావయ్యది బజాజ్ ఆటో. నల్ల ఒళ్లు, పసుప్పచ్చ టాపు, అద్దం మీద పైడితల్లి అమ్మవారి పేరు. ఇంజను వెనక సీటు కింద ఉండే రకం. 1977లో వచ్చిన మోడల్ అది. అంతకుముందు వాటికి ఇంజను ముందు వైపు ఉండేదట. 145 సీసీ, టూ స్ట్రోకు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. సెల్ఫు లేదు. డ్రైవరు సీటు పక్కన కింద ఒక ఇనుప లివరు ఉంటుంది, దాన్ని వంగి పట్టుకుని ఒక్క గుంజు గుంజాలి. చేతకానివాడు గుంజితే నడుం పట్టేస్తుంది తప్ప ఇంజను లేవదు. నాకు మొదటి రెండు రోజులు అదే పని అయింది. మా అత్త వేణ్ణీళ్లు కాచిపెట్టింది.

బండి సొంతం కాదు, షావుకారుది. రోజుకు ఇంతని అద్దె కట్టి, పెట్రోలు పోసుకుని, మిగిలిన దాంతో ఇల్లు. అలాంటి బండిని నా చేతికి ఎందుకిచ్చాడో అప్పుడు ఆలోచించలేదు. పందొమ్మిదేళ్లవాడు ఇవన్నీ ఆలోచిస్తాడా? నేర్చుకోడానికి ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఆయనే తీయించాడు. "సదువు వచ్చినా రాకపోయినా సేతిలో బండుండాల" అన్నాడు, అంతే.

గేర్లు ఎడమ చేతి పిడిలో ఉంటాయి. క్లచ్ లివరు నొక్కి, పిడినీ లివర్నీ కలిపి తిప్పాలి. పైకి తిప్పితే ఫస్టు. అక్కణ్ణించి కిందికి దించుకుంటూ వస్తే న్యూట్రలు, సెకండు, థర్డు, ఫోర్తు. ఫస్టులో ఉన్నప్పుడు క్లచ్ లివరు ఆకాశంకేసి చూస్తుంది, ఫోర్తులో నేలకేసి. కొత్త బండికైతే పిడి మీద 1 0 2 3 4 అని అంకెలుంటాయి. మావయ్య బండికి 4 ఒక్కటే మిగిలింది, తక్కినవి చేతి చెమటకి అరిగిపోయాయి. ఆ మిగిలిన 4 కూడా అబద్ధమే. గేరు వైర్లు సాగిపోయి అంకె ఒకచోట ఉంటే గేరు ఇంకోచోట పడేది. ఇక స్పీడోమీటరు ముల్లు నేను వెళ్లేసరికే సున్నా మీద పడుకుని నిద్రపోతోంది.

అయోధ్య మైదానంలో తెల్లారకముందే మొదలుపెట్టాం. అప్పటిదాకా నాకొచ్చిన బండి సైకిలు ఒక్కటే. సైకిలు అలవాటున్నవాడికి ఆటో ఎక్కగానే ఒక తిక్క పుడుతుంది. మలుపు తిప్పేటప్పుడు ఒళ్లు వంచుతాం. ఎంత వంగినా ఇది వంగదు. మూడు చక్రాలూ మొండిగా నేల మీదే ఉంటాయి, మనం ఒక్కళ్లమే గాల్లోకి వాలి పిచ్చివాళ్లలా కనపడతాం. పోనీ వంగడం మానేసి గట్టిగా తిప్పామా, లోపలి వెనక చక్రం లేచి బండి రెండు చక్రాల మీద నిలబడుతుంది. ఆ పని ఒకసారి చేశాను. మావయ్య ఏమీ అనలేదు, నా చేతుల్లోంచి హ్యాండిలు తీసుకుని చక్రం దించి, "తిరిగేముందు తగ్గించాల. తిరిగేటప్పుడు కాదు" అన్నాడు. అది ఒక్కసారికే వచ్చేసింది. రానిది గేరే.

"ఎప్పుడు మార్చాలి మావా?"

"ఏటి?"

వెళ్లి కుడి చెవి దగ్గర నోరు పెట్టి మళ్లీ అరిచాను.

"అదే అడుగుతాది. అడిగినప్పుడు ఇచ్చీ."

నాకు ఒళ్లు మండింది. సైన్సు స్టూడెంటుని. ఇరవైకి సెకండు, ముప్ఫైకి థర్డు అని ఎవరైనా ఒక లెక్క చెబితే రాసుకుని బట్టీ పెట్టేవాణ్ణి. లెక్క లేనిదాన్ని పాఠం అనుకోడం అప్పట్లో నాకు చేతకాదు. స్పీడోమీటరు చచ్చిపోయిందన్న సంగతి కూడా మరిచిపోయి, ఎంత స్పీడుకి, ఎంత స్పీడుకి అని అడుగుతూనే ఉన్నాను.

ఆటోకి రాకముందు మావయ్య బజార్లో బస్తాలు మోసేవాడు. ఆ లెక్కే చెప్పాడు నాకు. "బస్తా ఎత్తుకున్నోడు పెద్ద అంగలేత్తాడేటి? సిన్న సిన్న అడుగులు గబగబా ఏత్తాడు. బస్తా దించేసినాక అదే మనిషి సేతులూపుకుంటూ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ పోతాడు. ఫస్టంటే బస్తా అడుగు. ఫోర్తంటే ఉత్తిసేతుల నడక." ఇంజనీరింగు పుస్తకాల్లో టార్కు గురించి తర్వాత చాలా చదివాను. వాటిలో ఏ ఒక్కటీ నాకు ఆ బస్తా అంత బరువుగా తగల్లేదు.

అయినా, అడుగు ఎప్పుడు మార్చాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. నాలుగో రోజు "సెప్పులిప్పు" అన్నాడు.

ఆయన ఎప్పుడూ చెప్పుల్లేకుండానే తోలేవాడు. చెప్పులు విప్పి సీటు కింద దోపేసి, రెండు కాళ్లూ రేకు మీద ఆనించేవాడు. ఎండకి రేకు కాలిపోతున్నా అంతే. అది ఒక అలవాటు అనుకున్నాను. నేనూ విప్పాను. రేకు మీద ఎడమ పాదం పెట్టమని, దాని మీద తన పాదం వేసి నొక్కి, యాక్సిలేటరు ఇమ్మన్నాడు. ఫస్టులో బండి కదిలింది. మొదట పాదం కింద గడగడమని పెద్ద పెద్ద వణుకు, గోనెసంచిలో కొబ్బరికాయలు దొర్లుతున్నట్టు. వేగం పెరిగేకొద్దీ ఆ వణుకు దగ్గరపడుతూ, సన్నబడుతూ వచ్చింది. ఒకచోట అదంతా నున్నగా అయిపోయింది. ఇంకా యాక్సిలేటరు ఇస్తే ఆ నునుపు పోయి అరికాల్లో చీమలు పాకినట్టు జిలజిలమంది. ఆ జిల పుట్టగానే మావయ్య తన కాలితో నా కాలిని ఒక్క నొక్కు నొక్కాడు. "ఇప్పుడూ."

క్లచ్ పట్టాను, పిడి దించాను, వదిలాను. వణుకు మళ్లీ గడగడకి వచ్చింది, కానీ మొదటంత పెద్దది కాదు. మళ్లీ దగ్గరపడింది, నున్నబడింది, జిల పుట్టింది. మళ్లీ కాలు నొక్కాడు. అలా నాలుగు గేర్లూ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి ఎక్కాం.

నేను అప్పుడే గమనించాను. లోకంలో డ్రైవర్లందరూ చెవితో చేసే పని మావయ్య అరికాలితో చేస్తున్నాడు. ఇంజను అరుపు ఆయనకి వినపడదు. వినపడదన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, మరి ఆటో ఎలా తోలుతున్నాడని మాలో ఒక్కరమూ ఎప్పుడూ అడగలేదు. స్టాండులో తెలిసినవాళ్లు ఆయన బండెక్కితే "ఆపు" అని అరవరు, భుజం మీద తడతారు. కొత్తవాళ్లు అరిచి అరిచి, దిగాల్సిన చోటు దాటాక తిట్టి దిగుతారు. ఆయన నవ్వి డబ్బులు తగ్గించి పుచ్చుకునేవాడు.

ఇంకో పరికరం కూడా ఉండేది. హ్యాండిలు పక్కన కడ్డీకి వైరుతో ఒక చిల్లర డబ్బా కట్టి ఉండేది, పాత పౌడరు డబ్బా. బరువుతో ఉన్న బండిని పై గేర్లో నెమ్మదిగా లాగితే ఇంజను కొట్టుకుంటుంది కదా, అప్పుడు ఆ డబ్బాలో పావలాలు, అర్ధరూపాయలు ఎగిరెగిరి పడతాయి. అందరికీ గలగల వినపడుతుంది. ఆయన కంటితో చూసేవాడు. డబ్బా ఊగిందంటే కింది గేరు.

మైదానంలో వచ్చిన విద్య రోడ్డు మీద సగమే పనికొచ్చింది. అక్కడ బండి ఖాళీ. రోడ్డు మీద నిండు. మావయ్య ఎక్కువగా నెల్లిమర్ల సర్వీసు కొట్టేవాడు. అక్కడ జూట్ మిల్లు షిఫ్టు వదిలే వేళకి బండి పెడితే ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో ఆరుగురు ఎక్కి, డ్రైవరు పక్క సగం సీటు మీద ఇంకొకరు వేలాడేవారు. రూలు ప్రకారం తప్పే. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద రూలు ప్రకారం ఎక్కినవాణ్ణి నేను చూడలేదు. బట్టల మీద జనపనార నూగు, ఒంటికి నూనె వాసన, బండి నిండా నిద్రమొహాలు. ఖాళీ బండి పది గజాల్లో సెకండు అడిగితే, ఇది అడగడానికి ముప్ఫై గజాలు తీసుకునేది. తొందరపడి ముందే ఇస్తే డబ్బా ఎగిరేది, వెనక నిద్రపోతున్నవాళ్ల తలలు ఒకదానికొకటి కొట్టుకునేవి. "ఏట్రా గుంటడా, బండా ఇది, బస్తానా?" అని ఒకాయన లేచి నా వీపు మీద చరిచాడు. దాంతో ఎక్కేవాళ్లని చూడ్డం అలవాటైంది. ఎంతమంది, ఎంత లావు, చేతిలో ఏముంది. వాళ్లు కూర్చునేలోపే వెనక స్ప్రింగు ఎంత దిగిందో నడుముకి తెలిసేది. ఆ రోజు గేరు ఆ దిగుడుని బట్టి.

ఇక ఫిడేలు మేష్టారు. పేరు చెప్పను, ఆయన మనవలు ఊళ్లోనే ఉన్నారు. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు చెప్పిన చోటు. ఈ మేష్టారూ అక్కడే నేర్చుకున్నాడట. ఇళ్లకి వెళ్లి పిల్లలకి పాఠం చెప్పేవాడు. వారానికి మూడు రోజులు మావయ్య ఆటో. ఫిడేలు పెట్టె సీటు మీద పెడితే అదురుకి తీగెలు సడలిపోతాయని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకునేవాడు.

ఒక సాయంత్రం నేను తోలుతున్నాను, పక్కన మావయ్య. కోట దాటి వస్తున్నాం. సెకండులో ఉన్నాను, ముందు రిక్షాలు అడ్డం, థర్డు వేద్దామా వద్దా అని నానుస్తున్నాను. ఇంజను గీపెడుతోంది. వెనక నుంచి మేష్టారు, "ఏవిట్రా అబ్బాయీ, తారస్థాయిలో అలా నిలబెట్టేశావు? దింపు, దింపు!" అన్నాడు.

దింపమన్నాడు కదా అని దింపాను. సెకండు నుంచి ఫస్టుకి.

బండి ఎవరో వెనక నుంచి జుట్టు పట్టుకు లాగినట్టు ఆగింది. ఇంజను చేసిన అరుపుకి రోడ్డు పక్క పళ్ల బండివాడు లేచి నిలబడ్డాడు. మేష్టారు నుదురు వచ్చి నా సీటు కడ్డీకి కొట్టుకుంది. ఫిడేలు పెట్టె మాత్రం ఆయన గుండెల మీద క్షేమంగా ఉంది. అంత దెబ్బలోనూ దాన్ని వదల్లేదు.

తర్వాత ఇంటి ముందు దిగి, నుదురు రుద్దుకుంటూనే నాకు విడమరిచి చెప్పాడు. ఆయన దింపమంది శ్రుతిని. గేరు పెంచితే ఇంజను తిరుగుడు తగ్గి గొంతు దిగుతుంది. గేరు తగ్గిస్తే గొంతు లేస్తుంది. "మీరు పై గేరు అనేది నాకు కింది స్వరంరా" అన్నాడు. నేను ఆ రాత్రి పడుకుని దీని గురించే ఆలోచించాను. పిడిని కిందికి తిప్పితేనే కదా పై గేరు పడేది? అంటే నా చెయ్యి, ఆయన స్వరం రెండూ కిందికే వెళ్తున్నాయి. 'పై గేరు' అన్న మాట ఒక్కటే వాటికి ఎదురు వెళ్తోంది. మేష్టారు దింపమన్నప్పుడు నేను ఏమీ ఆలోచించకుండా చెయ్యి దించేసి ఉంటే సరిపోయేది. మర్నాడు మావయ్యకి ఇదంతా అరిచి చెప్పాను. సగం విని, "మేస్టారికి సెవులున్నాయి బావూ, ఏవైనా సెప్తాడు" అన్నాడు.

జూన్ నెలాఖరుకి నాకు గేర్లు వచ్చేశాయనే అనుకున్నాను. ఎత్తుబ్రిడ్జి ఆ మాట ఒప్పుకోలేదు.

విజయనగరం తెలిసినవాళ్లకి ఎత్తుబ్రిడ్జి తెలుసు. రైలు పట్టాల మీదుగా ఎక్కి దిగే వంతెన. ఇప్పటి బళ్లకి అదొక ఎత్తే కాదు. 145 సీసీ బండిలో ఏడుగురితో ఎక్కితే తెలుస్తుంది. ఆ రోజు చినుకులు పడి ఆగాయి. జనం నిండుగా ఉన్నారు, పక్కన సగం సీటులో మావయ్య. వెనక ఒక ముసలమ్మ, కాళ్ల మధ్య మామిడిపళ్ల గంప. థర్డులో ఊపు మీద వచ్చి వంతెన మొదలు ఎక్కాను. బాగానే ఉంది. నాలుగు గజాలు పోయేసరికి డబ్బా ఊగింది. సెకండు. ఇంకో పది గజాలు, మళ్లీ డబ్బా. ఈసారి పావలాలు బయటికి ఎగిరేలా. ఫస్టు కావాలి. క్లచ్ పట్టాను, పిడి పైకి తిప్పాను, క్లచ్ వదిలాను.

ఇంజను ఒక్కసారి గొంతు చించుకుంది. బండి మాత్రం కదల్లేదు. అరికాలి కింద జిలజిల, చక్రాల కింద ఏమీ లేదు. ఒక్క క్షణం బండి ఆకాశానికీ భూమికీ మధ్య నిలబడ్డట్టు ఆగింది, తర్వాత మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

సెకండు నుంచి ఫస్టుకి వెళ్లే దారిలో న్యూట్రలు ఉంది. సాగిపోయిన వైర్లు. నేను తిప్పాననుకున్నది ఫస్టు దాకా వెళ్లలేదు, మధ్యలో దిగబడింది. ఇవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, వెనక ఒక ఎద్దుబండి వస్తోంది. కుడికాలి కింద బ్రేకు అనేది ఒకటుంటుందని గుర్తే రాలేదు. రెండు చేతులతో యాక్సిలేటరు పిసుకుతున్నాను, క్లచ్ పిసుకుతున్నాను. మావయ్య ఎప్పుడు దిగాడో చూడలేదు. దిగి, వెనక్కి పరిగెత్తి, బండికి భుజం ఆనించేశాడు, బస్తాలు మోసిన భుజం. ఆయన్ని చూసి మిల్లు కుర్రాళ్లు ఇద్దరు దూకి పట్టుకున్నారు. అప్పుడు నా కాలికి బ్రేకు దొరికింది.

ముసలమ్మ దిగలేదు. గంప రెండు చేతులతో అదిమిపట్టుకుని కూర్చుని, "ఓలమ్మా, గుంటడికిచ్చినావేటి బండి, సెవిటోడా!" అని మావయ్యని తిట్టింది. నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. రెండు పళ్లు దొర్లి రోడ్డున పడ్డాయి. వాటి డబ్బులు మావయ్య ఇచ్చుకున్నాడు.

వంతెన దాటించి, అందరూ దిగిపోయాక, బండి పక్కకి తీసి ఆపాడు. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. తిడతాడని ఎదురుచూశాను. బీడీ ముట్టించుకుని, "ఏటి సేసినావో తెలిసిందా?" అన్నాడు.

"నువ్వే కదా మావా, అడిగినప్పుడు ఇమ్మన్నావు! అడిగింది, ఇచ్చాను."

ఆ అరుపు ఆయనకి పూర్తిగానే వినపడింది. "ఎత్తు కనపడతంది కదరా అల్లుడా. అక్కడికెళ్తే అడుగుతాదని తెల్దేటి? ముందే ఇచ్చీ. ఎత్తు మీద అడగనీకూడదు."

ఆ రోజు నుంచి ఎత్తుబ్రిడ్జి మొదట్లోనే, బండి ఇంకా సుఖంగా ఉండగానే, సెకండుకో ఫస్టుకో వచ్చేసేవాణ్ణి. వెనకవాళ్లు "ఇప్పుడెందుకురా తగ్గించావు?" అనేవారు. అననీ. ఫస్టుకి తిప్పేటప్పుడు పిడి చివరిదాకా వెళ్లి ఠక్కుమని ఆగిందా లేదా అని మణికట్టుతో ఒకసారి తోసి చూసుకోవడం కూడా ఆ రోజు నుంచే. దిగేటప్పుడు చాలామంది పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్లో వదిలేసేవారు. మావయ్య వదలనిచ్చేవాడు కాదు. గేర్లోనే దిగాలి, కానీ యాక్సిలేటరు పూర్తిగా మూసి ఉంచకుండా మధ్య మధ్యలో ఒక విదుపు ఇవ్వాలి. టూ స్ట్రోకులో ఆయిలు వచ్చేది పెట్రోలుతోనే కదా, అది బంద్ చేసి ఇంజన్ని తిప్పితే లోపల ఎండిపోయి పిస్టను పట్టేస్తుంది. షావుకారు బండి. పట్టేస్తే నెల సంపాదన.

సెప్టెంబరులో ఒక సబ్జెక్టు పాసయ్యాను, ఇంకోటి మార్చికి మిగిలింది. దసరాకి మళ్లీ విజయనగరం వెళ్లాను. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ఆ రోజు పల్లెల నుంచి జనం ఎలా వస్తారో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పినా నమ్మరు. ఊళ్లోకి బళ్లు పోవు. ఊరి బయట రోడ్ల మీద మాత్రం పొద్దుట నుంచి రాత్రి దాకా ఆటోలకి తీరిక ఉండదు. మావయ్యకి జ్వరం. అద్దె ఎలాగూ కట్టాల్సిందే కాబట్టి నేను తీసుకెళ్లాను.

ఆ రోజు రెండో గేరు వేసిన పాపాన పోలేదు. మనుషుల మధ్య నుంచి మనుషులు నడిచే వేగంతోనే, ఫస్టులో, క్లచ్ సగం పట్టి సగం వదిలి, పొద్దంతా అలాగే. డబ్బులు బాగా వచ్చాయి. సాయంత్రానికి వెనక నుంచి మాడిన వాసన. జాతరలో ఏ దుకాణంలోనో ఏదో మాడుతోందనుకున్నాను. చీకటి పడే వేళకి యాక్సిలేటరు ఎంత ఇచ్చినా ఇంజను అరవడమే తప్ప బండి లాగడం మానేసింది. మెకానిక్ విప్పి క్లచ్ ప్లేట్లు చూపించాడు. మాడిపోయిన అట్టుల్లా ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే నల్లగా రాలాయి. ఆ రోజు వచ్చినదంతా వాటికే పోయింది, ఇంకా కొంత అప్పు మిగిలింది. మావయ్య దుప్పటి కప్పుకునే వచ్చి ఆ ప్లేట్లు చేతిలో తిప్పి చూసి, "సిరిమాను నాడు నాకూ ఇలాగే మాడినాయి, మొదటేడు" అన్నాడు. అది నిజమో, నా మొహం చూసి అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. అమ్మకి మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత నా దారి వేరైంది. ఉద్యోగం, విశాఖపట్నం, స్కూటరు. స్కూటరు గేర్లూ అదే పిడిలో, అదే వరసలో ఉండేసరికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఇది ఎందుకిలా ఒకేలా ఉందని తర్వాతెప్పుడో వెతికి చదివితే తెలిసింది, రెండింటికీ తాతగారు ఒకడే. ఇటలీలో విమానాల ఇంజనీరు కొర్రాదినో దస్కానియో 1946లో వెస్పా స్కూటరు చేశాడు. రెండేళ్లకి దానికే వెనక రెండు చక్రాలు తగిలించి 'ఆపే' అని మూడు చక్రాల బండి వచ్చింది. మన స్కూటరూ, ఆటో వాటి వారసులే. వెస్పా అంటే వాళ్ల భాషలో కందిరీగ, ఆపే అంటే తేనెటీగ. మనవాళ్లు పల్లెల్లో 'అప్పీ ఆటో' అని పిలిచే డీజిలు బండి పేరు అదే. మావయ్య కూడా పెట్రోలు బండి మానేసి చివరి కొన్నేళ్లు ఆ డీజిల్దే తోలాడు. దాని మీద ఆయనకి ఎప్పుడూ మనసు కుదరలేదు. "అది అడగదురా, ఏళంతా సణుగుతానే ఉంటాది. ఏటి కావాలో తెల్దు" అనేవాడు. డీజిలు అదురుకి అరికాళ్లు మొద్దుబారిపోయేవట. కుడి చెవి కూడా పోయాక ఇంట్లోవాళ్లు తోలనివ్వలేదు.

పోయిన కార్తీకంలో ఆయన్ని రామతీర్థం తీసుకెళ్లాను. కొత్తగా కొన్న కారు. క్లచ్ పెడలు ఉండదు, గేర్లు అదే మార్చుకుంటుంది. విజయనగరం ట్రాఫిక్కు తట్టుకోలేక ఆ రకం తీసుకున్నాను. ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. ఊరు దాటాక చూస్తే చెప్పులు విప్పేసి ఉన్నాడు. కింద మెత్తటి చాప, దాని కింద ఇంకా మెత్తటిది. కాళ్లకి ఏమీ తగల్లేదనుకుంటాను, కాసేపు చూసి కుడి అరచెయ్యి డ్యాషుబోర్డు మీద పరిచి పెట్టాడు.

అలాగే ఉంచాడు. నెల్లిమర్ల రోడ్డు, ఆయన ఎన్నిసార్లు కొట్టాడో లెక్క లేని రోడ్డు. బయటికి చూడ్డం లేదు. చేతికేసి చూస్తున్నాడు, మధ్యలో నా ఎడమ చేతికేసి చూస్తున్నాడు. నా చెయ్యి ఒళ్లో ఖాళీగా ఉంది.

"ఎవుడ్రా మారస్తన్నాడు?" అన్నాడు.

చెప్పడం కష్టం. కారుని చూపించి, నా రెండు చేతులూ ఎత్తి, ఎవరూ లేరన్నట్టు ఊపాను. నమ్మినట్టు లేదు. మళ్లీ అరచెయ్యి పెట్టి, కారు గేరు మారినప్పుడల్లా వేలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాకు ఇంజను చప్పుడు కూడా సరిగ్గా తెలియడం లేదు, ఏసీ, అద్దాలు బిగించి ఉన్నాయి. ఆయన వేలు ఒక్కటీ తప్పలేదు. నెల్లిమర్ల దాటాక చిన్న ఎత్తు వచ్చింది. కారు అదే గేర్లో ఎక్కబోయి, సగంలో తడబడి, అప్పుడు ఒక కుదుపు ఇచ్చి గేరు తగ్గించింది. మా ఇద్దరి తలలూ ఒకసారి ముందుకి ఊగాయి.

మావయ్య డ్యాషుబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు. "దీనికి నేర్పినోడెవుడో గానీ" అన్నాడు, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ, "సరిగ్గా నేర్పనేదు."